మీ అబ్బాయిని సైకడెలిక్ పాప్‌లో చేర్పించండి

ఇంటర్ రిజల్ట్స్ రాగానే మన విశాఖ తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్. ఇంజనీరింగా, మెడిసినా, లేకపోతే మర్చంట్ నేవీయా. నాలుగో దారి ఒకటుందని, అందులో సీటుకి పోటీ లేదని, ఖర్చు మాత్రం దాదాపు అంతే అవుతుందని ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తున్నాను. ఇండిపెండెంట్ సైకడెలిక్ పాప్ గాయకుడు, అంటే ఏ మ్యూజిక్ కంపెనీ అండా లేకుండా, కలలో తేలుతున్నట్టు వింత శబ్దాలు, మారుమోతలు కలిపిన పాటలు చేసేవాడు. పాట తనే రాస్తాడు, తనే బాణీ కడతాడు, తనే పాడతాడు, తనే వింటాడు.

ఇది గాలివాటం వ్యవహారం అనుకోకండి. ఆస్ట్రేలియాలో పెర్త్ అని ఒక ఊరుంది. అక్కడి సైకడెలిక్ పాప్ గాయకుడు కెవిన్ పార్కర్, టేమ్ ఇంపాలా అనే పేరుతో, స్టూడియోలో దాదాపు అన్ని వాయిద్యాలూ ఒక్కడే వాయించుకుని, 2010లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేశాడు. పెర్త్‌కి సముద్రం ఉంది, మనకీ ఉంది. పెర్త్ పెద్ద ఊళ్ళన్నిటికీ దూరం, మనకీ హైదరాబాద్ వెళ్ళాలంటే రాత్రంతా రైల్లో ఉండాల్సిందే. ఇన్ని కలిసొచ్చాక కూడా మనవాడు పైకి రాలేదంటే తప్పు వాళ్ళ నాన్నదే అయ్యుండాలి.

ఆఫీసు ఎక్కడంటారా? ఎంవీపీ కాలనీలో మేడమీద గది. కిటికీకి అడ్డంగా పరుపు. గొంతు రికార్డు చేయాలంటే బీరువా తలుపులు తెరిచి, అమ్మ పట్టుచీరల మధ్యకి మైకు దూర్చి, కలరా ఉండల వాసన పీలుస్తూ పాడతాడు, ఎందుకంటే చుట్టూ బట్టలుంటే గొంతు మారుమోగదు. అలా మారుమోగకుండా నానా తిప్పలు పడి రికార్డు చేశాక, డబ్బులు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌తో ఆ మారుమోతనే మళ్ళీ కలుపుతాడు. దీన్ని రివర్బ్ అంటారు. కింద పోర్షన్ పెద్దాయన అది విని "ఏటి బాబూ, నూతిలో పడి పాడుతున్నావా?" అంటే అది వెక్కిరింపు కాదు, సాంకేతిక విజయం.

ఉప్పుగాలికి గిటారు తీగలు తొందరగా తుప్పు పడతాయి. టేక్, అంటే ఒక విడత రికార్డింగ్, మధ్యలో ఉండగా నేవీ హెలికాప్టర్ వెళ్తుంది, అది వెళ్ళిందనుకుంటే మైకు కట్టుకుని ఉల్లిపాయల ఆటో వస్తుంది. మామూలు గాయకుడైతే తల బాదుకుంటాడు. ఈ రంగంలో టేక్ పాడవడం అంటూ ఉండదు. 1966లోనే ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ తాము పాడిన టేపుని వెనక్కి తిప్పి పాటలో పెట్టేశారు, మనవాడు ఉల్లిపాయల ఆటోని వెనక్కి తిప్పాడు. ఏదో టిబెట్ మంత్రంలా ఉందని స్నేహితులు మెచ్చుకున్నారు.

రాబడి సంగతికొస్తే, ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే స్పాటిఫై యాప్‌లో 2024 నుంచి ఒక రూలుంది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకి రికార్డింగ్ రాయల్టీ పైసా రాదు. అన్యాయం అని గోల చేస్తున్నారుగానీ, కుర్రాళ్ళ చేతిలో చిన్న వయసులో డబ్బు ఆడకూడదని మన పెద్దవాళ్ళు చెప్పిందీ అదే కదా. పైగా ఆ వెయ్యి పూర్తి చేయడానికి మేనత్తలు, పిన్నులు, ఎప్పుడో మాటలు మానేసిన బాబాయి కూడా ఫోన్లో పాట పెట్టుకుని తిరుగుతున్నారు. ఏ ఉద్యోగం ఇంతమంది చుట్టాల్ని కలిపింది?

ఇక కచేరీలు. సినిమావాళ్ళు పాటలు మన రుషికొండలో, బీచ్ రోడ్డులో తీసుకుంటారు, పాట కట్టినవాడికి చెక్కు మాత్రం హైదరాబాద్‌లో రాస్తారు. మనవాడికి మిగిలింది సముద్రం కనిపించే ఒక రెస్టారెంటులో శనివారం సాయంత్రం. తన ఏడు నిమిషాల పాట ఎత్తుకుంటాడు. మొదటి రెండు నిమిషాలు గాలీ, అలలూ, ఏదో తేనెటీగల రొద లాంటిది. గొంతు విప్పబోతుండగా బేరర్ టిష్యూ పేపరు మీద రాసిన చీటీ తెచ్చి పెడతాడు, "ఆరో టేబుల్, పాత మెలోడీ". పాడతాడు. చప్పట్లు. డబ్బులిచ్చేది దానికే. మన పాట మనం పాడనందుకు జీతమిచ్చే కొలువు ఇంకెక్కడైనా ఉందేమో చూపించండి. (ఆ ఏడు నిమిషాల పాట నేను పూర్తిగా విన్నాను. బాగుంది. ఆ విషయం ఈ వ్యాసానికి అడ్డం కాబట్టి పక్కన పెడుతున్నాను.)

పెళ్ళెలా అవుతుందని అడుగుతారేమో. రాత్రంతా లాప్‌టాప్ ముందే ఉంటాడు, చెవులకి హెడ్‌ఫోన్స్, పొద్దున్న పది దాకా లేవడు, వినేవాళ్ళేమో విదేశాల్లో ఉన్నారు, అంటే బ్రెజిల్‌లో ఒకరు, పోలాండ్‌లో ఒకరు. అందుకే వాళ్ళమ్మ అందరికీ "మావాడు సాఫ్ట్‌వేర్ మీదే పని చేస్తాడండి, ఫారిన్ టైమింగ్స్" అని చెప్తోంది, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మొన్న గాజువాక నుంచి సంబంధం మాట్లాడ్డానికొచ్చిన పెద్దాయన కంపెనీ పేరు అడిగారు. సొంతమేనన్నారు ఇంట్లోవాళ్ళు. ఎంతమంది పనిచేస్తారని అడిగితే "ప్రస్తుతానికి వాడొక్కడేనండి, లేఆఫ్ భయం లేదు" అన్నారు. పెద్దాయనకి ఆ మాట బాగా నచ్చి, జాతకం వాట్సాప్‌లో పెట్టమన్నారట.