కువైట్ చిల్లరకు ఇక్కడ దిక్కెవరు?

మన దేశంలో విదేశీ నాణేన్ని ఎవరూ డబ్బుగా లెక్కచెయ్యరు. నోటు చూపిస్తే రండి రండి అని కుర్చీ వేస్తారు. అదే దేశపు బిళ్లలు తీస్తే "కాయిన్స్ తీసుకోం సార్" అని సంచి ముడి విప్పకముందే చెప్పేస్తారు. బ్యాంకులోనూ ఇదే మాట, మనీ ఛేంజర్ దగ్గరా ఇదే మాట.

మా రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌తో సంబంధం లేని వీధి ఉండదు. ఏ ఇంటికి పోయినా టీవీ కింద సొరుగులోనో, పాత హార్లిక్స్ సీసాలోనో ఫిల్స్ అనే కువైట్ చిల్లర బిళ్లలు మూలుగుతూ ఉంటాయి. వాటి మీద తెరచాప పడవ బొమ్మ ఉంటుంది, పిల్లోళ్లు వాటితో అంగడి ఆట ఆడుకుంటుంటారు. ఆ ఆటలో ఎంత డబ్బు దొర్లుతోందో ఎవరైనా లెక్కేశారా? వెయ్యి ఫిల్స్ ఒక దినార్. దినార్ ఇప్పుడు 270 రూపాయల పైమాటే. అంటే 100 ఫిల్స్ బిళ్ల ఒక్కోటి 27 రూపాయలకు తక్కువ కాదు. అలాంటివి గుప్పెడు తీస్తే ఇంటికి వారం కూరగాయలొస్తాయి. పైగా ఆ దేశంలో అన్నిటికంటే చిన్న నోటు పావు దినార్. దానికి తక్కువ లెక్కంతా బిళ్లల్లోనే కాబట్టి చిల్లర మిగలడం మనిషి అజాగ్రత్తేమీ కాదు. ఎండలో పని చేసి సంపాదించిన దాంట్లో అది కూడా భాగమే.

"చిల్లరే కదన్నా, పోనీలే" అనేవాళ్లకు ఇంకో సంగతి చెప్తా. స్విట్జర్లాండ్‌లో 5 ఫ్రాంకుల నాణెం ఉంది, మన లెక్కలో 500 రూపాయల పైనే. జపాన్ 500 యెన్ నాణెం 250 దాటుతుంది. ఇవి కూడా చిల్లరేనా? మన దగ్గర చలామణిలో ఉన్న అతిపెద్ద నాణెం 20 రూపాయలది కాబట్టి, బిళ్ల అనగానే మనకు చిన్నచూపు.

మనీ ఛేంజర్ల బాధ నాకు తెలియంది కాదు. నోట్లు కట్టలు కట్టి పెద్ద వ్యాపారికి అమ్ముకుంటారు, లేదా రేపు విమానమెక్కేవాడికి అంటగడతారు. నాణేలకు ఆ దారి లేదు. బరువు, ఏరడం, లెక్కపెట్టడం, తిరిగి ఆ దేశానికి చేర్చడం అంటే వచ్చేదానికన్నా పొయ్యేది ఎక్కువ. జీఎస్టీ ఒకటి: మార్చే మొత్తం ఎంత చిన్నదైనా కనీసం 45 రూపాయలు. 5 ఫిల్స్, 10 ఫిల్స్ వద్దంటే సరే, ఒప్పుకుంటా. రెండు పౌండ్ల నాణెం, అయిదు ఫ్రాంకుల నాణెం కూడా వద్దంటే అది బద్ధకం కాక ఏమిటి? లండన్ పొయ్యే పిల్లోడికి బస్సుదిగగానే టీ తాగడానికి పనికొచ్చే డబ్బది. పొయ్యేవాళ్లు రోజూ అదే కౌంటరు ముందు నిలబడుతున్నారు కదా.

అసలు తమాషా చట్టంలో ఉంది. విదేశీ నోట్లయితే 2000 డాలర్ల విలువ వరకే ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకు మించితే తిరిగొచ్చాక 180 రోజుల్లోపు అప్పజెప్పాలి. నాణేలకు మాత్రం పరిమితే లేదు, బస్తాలకొద్దీ దాచుకో అంటారు. మారుద్దామంటే ఫెమా అనే విదేశీ మారక చట్టం ప్రకారం విదేశీ డబ్బు లావాదేవీ రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న డీలరుతోనే జరగాలి. ఆ డీలరేమో తీసుకోడు. ఇంక ఎక్కడికి పోవాలి?

చెయ్యాలనుకుంటే దారులున్నాయి. హాంగ్‌కాంగ్‌లో 2014 నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు లాంటి సంస్థే రెండు లారీలను పేటపేటకూ తిప్పుతోంది. జనం తమ చిల్లర పోసి నోట్లు తీసుకోవచ్చు, లేదా బస్సుల్లో, అంగళ్లలో వాడే ఆక్టోపస్ కార్డులో వేయించుకోవచ్చు. అది వాళ్ల సొంత చిల్లరే అనుకోండి, అయినా చిల్లర కోసం లారీ ఇంటి దాకా వస్తోంది. కొన్ని విమానాల్లో యునిసెఫ్ కవర్లు ఇస్తారు, మిగిలిన ఏ దేశపు నాణేలైనా వేసెయ్యొచ్చు. 1987లో మొదలైన పథకమది. మన గల్ఫ్ విమానాలు దిగే విమానాశ్రయాల్లో బ్యాగులొచ్చే బెల్టు పక్కన అలాంటి డబ్బా ఒకటి పెడితే ఏం పోయింది? నాకైతే డబ్బు వెనక్కి రాకపోయినా పరవాలేదు, సీసాలో చచ్చిపడి ఉండటమే బాధ. ఏమీ తోచక తిరుమల హుండీలో వేసేవాళ్లూ ఉన్నారు. ఏరే పని మన నుంచి పరకామణికి మారిందంతే.

ఇక్కడే ఇంకో బెడద. "మీ దగ్గర పాత నాణేలున్నాయా, లక్షలిస్తాం" అంటూ వచ్చే ప్రకటనలు. నమ్మి ఫోన్ చేస్తే ముందు కమీషన్, పన్ను అని వాళ్లే మన దగ్గర గుంజుతారు. తన పేరు వాడుకుని ఇలా వసూళ్లు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మామూలు ఫిల్స్‌కు లక్షలు రావు, దయచేసి పెద్దోళ్లకు చెప్పండి. ఇంకొందరు పోస్టులో విదేశాలకు పంపి మార్చుకోవచ్చంటారు. మామూలు కవర్లో నాణేలు పంపడం అంతర్జాతీయ తపాలా నిబంధనలకే విరుద్ధం.

దాచుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందిలే అనుకోవడమూ పొరపాటే. ఇంగ్లండ్ పాత గుండ్రటి పౌండు 2017 అక్టోబరు 15తో అంగళ్లలో చెల్లడం మానేసింది. అక్కడి బ్యాంకు ఖాతాలో వేసుకోవచ్చంట, మనకు అక్కడ ఖాతా ఉంటే కదా!

కాబట్టి ఈ వ్యవస్థ మారేదాకా నేను చెప్పేది ఇంతే. వచ్చేటప్పుడు విమానాశ్రయంలో చివరి కాఫీకి ముందు జేబులోని చిల్లరంతా ఇచ్చి, తక్కువైంది కార్డు మీద కట్టండి. అప్పటికే ఇంటికి చేరిన చిల్లరను అమ్మే ఆలోచన మానుకుని, మళ్లీ అదే దేశం పొయ్యే మనిషికి ఊరికే ఇచ్చెయ్యండి. సెలవు ముగిసి కువైట్ ఎక్కే అన్నకు మొదటిరోజు బస్సు టికెట్టో, కుబ్బూస్ రొట్టెలో అందులోంచే అయిపోతాయి. ఇచ్చేముందు మాత్రం ఏరి ఇవ్వండి సామీ. దుబాయ్ ఫిల్స్ వేరు, కువైట్ ఫిల్స్ వేరు, సౌదీ హలాలా ఇంకా వేరు. కాఫీ కూజా బొమ్మ ఉన్న బిళ్ల దుబాయ్ దిర్హం, దాన్ని కువైట్ పొయ్యేవాడి చేతిలో పెడితే అది అక్కడ ఇంకో సొరుగులోకి పోతుంది.