నాన్న పళ్ళు ఊడాయని మనవీ ఊడాలా?

ఒంగోలు చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు: చిగుళ్ళ జబ్బు జీన్స్‌లోనే రాసిపెట్టి ఉంటుంది, ఎంత తోమినా ఆగదు, రక్తం కారేది ఒంట్లో వేడి వల్ల, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి. దాన్ని నాకు పంపింది మా అన్నయ్యే. అందుకే ఊరుకోలేకపోయాను.

మా నాన్నది టంగుటూరు వైపు పొగాకు సాగు, నోట్లో ఎప్పుడూ చుట్ట. ఓ రోజు అరుగు మీద కూర్చుని జామకాయ కొరికితే, కింది ముందుపన్ను నొప్పి లేకుండానే ఊడి చేతిలోకి వచ్చింది. పుచ్చలేదు, విరగలేదు. వేరు చుట్టూ నల్లటి గార, అంటే రాయిలా గట్టిపడిన పాచి. పన్నును పట్టి ఉంచాల్సిన ఎముక కరిగిపోయింది.

'జీన్స్‌లో రాసిపెట్టి ఉంటుంది' అనే మాటలో కొంత నిజం ఉంది, జనం నమ్మేది అందుకే. శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలను 1970 నుంచి 1985 దాకా గమనించారు. పళ్ళు తోమే అలవాటు లేక అందరి నోట్లోనూ పాచి, గార పేరుకున్నాయి. అయినా 8 శాతం మందికే జబ్బు వేగంగా ముదిరింది. 81 శాతం మందికి ఓ మోస్తరుగా, 11 శాతం మందికి చిగుళ్ళ వాపుతోనే ఆగింది. పాచి ఒక్కటే కారణమైతే అందరికీ ఒకేలా రావాలిగా. పాచిలోని బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయన సంకేతాలు వెలువడతాయి. అవి మితిమీరితే ఎముకను కరిగించే కణాలు రెచ్చిపోతాయి. ఆ కణాలు మన ఒంటివే. ఈ స్పందన ఎంత జోరుగా ఉంటుందన్నది కొంతవరకు జీన్స్‌లోని చిన్న చిన్న తేడాలను బట్టి ఉంటుంది. అలాంటి తేడాలు చాలా ఉన్నాయి, ఒక్కోదాని ప్రభావం కొంచెమే. మామూలు చిగుళ్ళ జబ్బులో 'నీ పళ్ళు ఊడి తీరతాయి' అని తేల్చే జీన్ ఏదీ లేదు.

అరుదైన మినహాయింపు ఒకటుంది, పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన కాథెప్సిన్-సి జీన్ కాపీలు రెండూ చెడితేనే అది వస్తుంది. మేనరికాలు చేసుకునే మన ఇళ్ళల్లో ఇది తెలిసి ఉండాలి. పిల్లల అరచేతులు, అరికాళ్ళు మందంగా గట్టిపడి, పాలపళ్ళు నాలుగైదేళ్ళకే ఊడిపోతుంటే వెంటనే డాక్టరుకి చూపించండి.

'తోమినా ఆగదు' అన్నది తప్పు. 1965లో డెన్మార్క్‌లో చిగుళ్ళు బాగున్న 12 మంది తోమడం మానేస్తే, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక తగ్గాయి. గడ్డివాము బాగా ఎండి ఉందని తెలిస్తే దాని దగ్గరికి నిప్పు రానివ్వం కదా. వంశంలో ఈ జబ్బు ఉన్నవాళ్ళు పాచి విషయంలో అలా ఉండాలి. చుట్ట, సిగరెట్ మానాలి, షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోవాలి.

రక్తం కారడానికి వేడితో సంబంధం లేదు, అది చిగురు వాచిందన్న గుర్తు. పొగతాగేవాళ్ళకు ఆ గుర్తు కూడా సరిగా కనబడదు, పొగాకు రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. మా నాన్నకు ఒక్కసారి కూడా రక్తం రాలేదు, మేమంతా ఆయన చిగుళ్ళు గట్టివనుకున్నాం.

ఇక క్లీనింగ్. గార పళ్ళ సందుల్లో సిమెంటులా పట్టి ఉంటుంది. దాన్ని తీసి, వాపు తగ్గాక సందులు బయటపడతాయి, అది చూసి క్లీనింగే పళ్ళను వదులు చేసిందనుకుంటారు. జబ్బు అప్పటికే కరిగించిన ఎముక తాలూకు ఖాళీ అది. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళ మీద వచ్చే గోధుమరంగు మచ్చలు వేరే సంగతి, క్లీనింగ్ వాటి కోసం కాదు.

నాకు ముప్పై మూడేళ్ళప్పుడు డాక్టరు సన్నని కొలత పుల్లను చిగురు కిందకి పెడితే 6 మిల్లీమీటర్ల లోతు వచ్చింది, అంటే జబ్బు నాకూ మొదలైంది. లోపలి గార తీయించుకుని, రోజూ రెండు పూటలా తోముకున్నాను. ఆర్నెల్ల తర్వాత అదే చోట 4 వచ్చింది. ఆ నాన్న కొడుకునే నేనూ.

అన్నయ్యా, కింది ముందుపళ్ళ వెనక నాలుకతో తడిమి చూడు. గరుకుగా తగిలితే అది గారే అయ్యుంటుంది. ఆదివారం ఊరొస్తున్నాను, సోమవారం ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం.