ఎస్పీ గారికి కుర్చీ వేయండి

మన పల్లెల్లో ఒక వర్గానికి మూడు దశాబ్దాలుగా అన్యాయం జరుగుతోంది. పొద్దున వీధి దీపాలు, మధ్యాహ్నం మండలాఫీసు, రాత్రి రచ్చబండ మీద తగువులు. ఇంత చాకిరీ చేసినా హోదా లేదు, పంచాయతీ బోర్డు మీద పేరు లేదు. ఆ అభాగ్యుడే సర్పంచమ్మ మొగుడు.

2015లో పంచాయతీరాజ్ దినోత్సవం నాడు ప్రధాని మోదీ ఒక ముచ్చట చెప్పారు. మీరేం చేస్తుంటారని ఒకాయన్ని అడిగితే 'నేను ఎస్పీని' అన్నాడట. పోలీసు ఎస్పీ కాదు, సర్పంచ్ పతి! ఈ పద్ధతి పోవాలని కూడా ప్రధాని అన్నారు. నాకైతే గుండె తరుక్కుపోయింది.

తప్పంతా 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణది. పంచాయతీల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్ళకు అంది. మన తెలుగు రాష్ట్రాలు ఏకంగా సగం ఇచ్చేశాయి. సరే, అన్నాళ్ళూ ఆ కుర్చీలో ఉన్న మనిషి ఎక్కడ కూర్చోవాలో చట్టంలో ఒక్క ముక్క రాశారా? పాపం ఆయనే సర్దుకుని పక్కన ఓ ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. కొన్నాళ్ళకు అది మధ్యలోకి జరిగింది. ఇంకొన్నాళ్ళకు సర్పంచమ్మే ఇంటికి జరిగింది. ఫ్లెక్సీలో మాత్రం ఇద్దరూ ఉంటారు: ఆయన నిలువెత్తున, ఆమె పోస్టల్ స్టాంపంత.

ఈ దాపరికం నచ్చకే కాబోలు, 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని పరస్వారా అనే ఊళ్ళో గెలిచిన ఆరుగురు మహిళా వార్డు సభ్యుల బదులు వాళ్ళ భర్తలే ప్రమాణ స్వీకారం చేసేశారు. ఎంత నిజాయితీ! అందుకు పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. కేంద్రం వేసిన కమిటీ అయితే ఇలాంటి పెత్తనానికి గట్టి జరిమానాలే వేయాలంది. ఉచితంగా సేవ చేసేవాడికి జరిమానా!

అందుకే నా మనవి: 'సర్పంచ్ భర్త' పదవికి చట్టబద్ధత కల్పించండి. సర్పంచ్ సంతకం బదులు వాడే డిజిటల్ కీ ఎలాగూ ఆయన జేబులోనే ఉంటుంది గనక కొత్త ఖర్చేమీ లేదు. భర్త లేకపోతే కొడుకు, వాడు చిన్నోడైతే బావగారు, ఆయనకు తీరిక లేకపోతే మామగారు. మగదిక్కు లేదన్న మాట ఊరికి రాకూడదు.

ఇది తొందరగా తేల్చాలి. ఎందుకంటే కొన్నిచోట్ల వ్యవహారం చెడిపోతోంది. మొదటి ఏడాది 'ఇక్కడ పెట్టు' అంటే సంతకం పెట్టిన మనిషే, రెండో ఏడాది 'ఇందులో ఏం రాశారు?' అంటోంది. మూడో ఏడాది మంచినీళ్ళ పైపుల బిల్లు తెమ్మని, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తోంది. ఇక ఆ ఇంట్లో మగాడి టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

ఈ డిమాండ్లన్నీ ఓ కాగితం మీద రాసి మా ఊరి ఎస్పీ గారికి చూపించాను. చాలా బాగుందన్నారు. పైకి పంపాలంటే పంచాయతీ తీర్మానం కావాలి, దాని మీద సర్పంచ్ సంతకం ఉండాలి కదా అన్నాను.

"ఆవిడ పొలం వెళ్ళింది, ఇలా ఇవ్వండి" అంటూ పెన్ను తీశారు.