వరద లేని రోజుల్లో రెడ్‌క్రాస్

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు సాయానికి కొదవ లేదు. పులిహోర పొట్లాలు, పాలు, నీళ్ల సీసాలు లారీలకొద్దీ వచ్చాయి. డ్రోన్లతో కూడా పంచారు. అయినా లోపలి వీధుల్లో, పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్లు ఆకలితో ఎదురు చూడాల్సి వచ్చింది. ఇచ్చే చేతులకు లోటు లేదు. ఏ వీధిలో ముసలివాళ్లున్నారో, ఏ ఇంట్లో బాలింత ఉందో ముందే తెలిసిన మనుషులకే లోటు.

రెడ్‌క్రాస్ లాంటి సంస్థ అసలు పని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. దుప్పట్లు పంచే ఫొటోలు చూసి దాన్ని అంచనా వేస్తే పొరపాటే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. ఎక్కడానికి ఎత్తైన పక్కా కట్టడం లేనందుకే పోయిన ప్రాణాలు ఎన్నో. తర్వాతే మన తీరంలో స్తంభాల మీద తుపాను షెల్టర్లు ఊరూరా లేచాయి. ప్రభుత్వంతో పాటు రెడ్‌క్రాస్, ఇతర స్వచ్ఛంద సంస్థలూ కట్టాయి. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌కూ దాదాపు పదివేల మంది బలయ్యారు, కానీ రెడ్‌క్రాస్ షెల్టర్లకు చేరిన వేల మంది బతికి బయటపడ్డారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చేనాటికి లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది.

కట్టడం ఒక్కటే చాలదు. ఉప్పుగాలికి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి, పెచ్చులూడతాయి. మామూలు రోజుల్లో బడిగానో అంగన్‌వాడీగానో వాడే షెల్టరైతే ఎవరో ఒకరు ఊడుస్తారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరికి తెలుస్తుంది. వాడకం లేనిదాంట్లో గబ్బిలాలు చేరతాయి. మరమ్మతుకు విరాళం అడిగితే ఎవరిస్తారు? శిలాఫలకం మీద పేరుండదు కదా!

రెడ్‌క్రాస్ సేకరించే రక్తం సంగతీ ఇంతే. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసేమియా జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సేకరించిన ఎర్ర రక్తకణాలు మహా అయితే ఆరు వారాలు నిల్వ ఉంటాయి. నాయకుల పుట్టినరోజుకు ఒకేసారి వందల యూనిట్లు వచ్చినా, ఆ నిల్వ రెండు నెలల తర్వాత పనికిరాదు. మే నెలలో కాలేజీలకు సెలవులిస్తే శిబిరాలు తగ్గుతాయి, బ్లడ్ బ్యాంకుల్లో టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో చిక్కు సంస్థ నిర్మాణంలోనే ఉంది. 1920 నాటి చట్టంతో పుట్టిన ఇండియన్ రెడ్‌క్రాస్‌కు రాష్ట్రపతి అధ్యక్షులు, రాష్ట్ర శాఖలకు గవర్నర్లు, జిల్లాల్లో కలెక్టర్లు. తుపాను రాత్రి ఇది కలిసొస్తుంది, కలెక్టర్ ఒక్క మాటంటే వాహనాలు కదులుతాయి. మిగతా ఏడాదంతా మాత్రం ఆయనకున్న వంద బాధ్యతల్లో ఇదొకటి. జనం కూడా దాన్ని ఇంకో సర్కారు ఆఫీసనే అనుకుంటారు, తమదనుకోరు. బంగ్లాదేశ్‌లో రెడ్ క్రెసెంట్ (అక్కడి రెడ్‌క్రాస్ పేరు ఇదే), ప్రభుత్వం కలిసి 1970ల నుంచే తీరప్రాంత గ్రామాల్లో వాలంటీర్లను తయారుచేశాయి. హెచ్చరిక రాగానే జెండా ఎగరేసేది, మైకు పట్టుకుని తిరిగేది ఆ ఊరివాళ్లే.

మన రెడ్‌క్రాస్ వార్షిక నివేదికలో ఎన్ని కిట్లు పంచారన్న లెక్క కన్నా ముందు, ఏ ఊళ్లో ఎంతమంది శిక్షణ పొందిన వాలంటీర్లున్నారు, ఏ షెల్టర్‌కు చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేశారు అన్న పట్టిక ఉండాలి. ఆ పట్టికను పంచాయతీ ఆఫీసు గోడకూ అతికించాలి, అక్టోబరు రాకముందే.