గెడ్డలోకి ‘ఈ ఒక్కసారికి’

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, విశాఖ శివార్లలో కొన్ని డెయిరీల మురుగు గుంతల దగ్గర మోటార్లు మోగుతాయి. గుంత పొంగకముందే గెడ్డలోకి, అంటే వాగులోకి, తోడేయాలి కదా! వాన కొడితే రంగూ వాసనా కొట్టుకుపోతాయి. అడిగితే జవాబు సిద్ధం: ఈ ఒక్కసారికి. అధికారుల నోటా అదే మాట. నోటీసు, గడువు, మళ్లీ గడువు. తాగునీటి జలాశయానికే మేఘాద్రిగెడ్డ అని పేరున్న ఊరు మనది!

దాణా ధరకీ పాల ధరకీ మధ్య నలిగే రైతుకు కొత్త ట్యాంకు భారమే, కాదనం. ఆ భారాన్ని దిగువ ఊళ్ల బావుల్లో పోయడం మాత్రం కుదరదు.

లెక్క కష్టమేమీ కాదు. గేదె రోజుకు 15-20 లీటర్ల మూత్రం పోస్తుంది. సాల కడిగిన నీళ్లు కలిపి తలకు 80 లీటర్లు వేసుకున్నా, 50 గేదెలకు రోజుకు 4,000 లీటర్లు. ఈ మురుగు పారాల్సింది మేత మడికి. తడిసిన నేల దాన్ని పీల్చుకోదు గనుక ముసురు రోజులకు 60 రోజుల నిల్వ కావాలి, అంటే 2,40,000 లీటర్లు. నిలువు గోడలైతే 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, పైన అర మీటరు ఖాళీ. ఇందులో వాన వాటా లేదు. 500 చదరపు మీటర్ల వాకిలి మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే 50,000 లీటర్లు, పన్నెండు రోజుల మురుగంత! అందుకే గుంతకన్నా ముందు రేకుల మీది నీటికి వేరే కాలువ తీయాలి.

ఎర్రనేలలో లైనింగ్ లేకుండా తవ్వినది నిల్వ గుంత కాదు, ఇంకుడు గుంత. తాగునీటిని చెరిచే నైట్రేట్ నేరుగా బోరులోకి దిగుతుంది. రాళ్లు ఏరి, ఇసుక పరిచి, ఆపైన హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేసి, అంచులు గట్టు మీద కందకంలో పూడ్చాలి. పేడను పారతో ఎత్తకుండా పైపుతో కడిగేస్తే ఏ గుంతా ఏడాది ఆగదు: అడుగున బురద, పైన గడ్డి పీచు తెట్టు. గుంతకు ముందు, మడ్డి అడుగుకు దిగేలా రెండు గదుల తేర్పుడు తొట్టి ఉండాలి. ఆ తొట్టిలోకి మనిషిని దించొద్దు, విషవాయువు ఊపిరి తీస్తుంది.

పారించడానికి డ్రిప్పు పనికిరాదు, పీచుతో మూసుకుపోతుంది. పీచును కోసే కటర్ పంపు, కాలువ సాళ్లు చాలు. ఎకరాకు 10 మిల్లీమీటర్లంటే 40,000 లీటర్లు, అంటే పది రోజుల మురుగు. నాలుగు ఎకరాల నేపియర్ గడ్డి ఉంటే ఒక్కో ఎకరా వంతు 40 రోజులకోసారి వస్తుంది, కోతకూ సరిపోతుంది. బోరు లైనుకు కలిపితే వెనక్కి రాకుండా వాల్వు తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు మురుగు బోరులోకి జారేది అక్కడే.

ఇన్ని చేసిన రైతుకు మిగిలేదేమిటి? పక్క డెయిరీకి ఈ ఒక్కసారికి మినహాయింపు. రేపు ఇతనెందుకు షీటు మారుస్తాడు? వాగులో, బావిలో మురుగు వదలరాదని 1974 నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. డెయిరీలకు, గోశాలలకు విడిగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలూ ఉన్నాయి. ఈ ఒక్కసారికి అన్న మాట వాటిలో ఎక్కడుందో మినహాయింపులిచ్చే అధికారులే చూపించాలి.

వచ్చే అల్పపీడనానికి ముందే గుంతల కొలతలు తీసుకోండి. మోటారు గొట్టం మడి వైపుందో గెడ్డ వైపుందో చూడండి. వాన వెలిశాక తీరిగ్గా వెళ్లి నమూనా కోసం గెడ్డలో సీసా ముంచితే మీకు దొరికేది వాన నీళ్లే.