పాచికలు మంచివే, ఆటే దొంగది

ఇప్పుడే ఒక రీల్ చూసి ఒళ్ళు మండి రాస్తున్నా. గుండాట (బోర్డు మీద ఒక బొమ్మపై డబ్బు కాస్తే, పాచికల్లో అదే బొమ్మ పడితే గెలుపు, పడకపోతే కాసింది పోతుంది) బోర్డు పక్కన నిలబడి ఒక మేధావి పాఠం చెప్తున్నాడు. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, కాబట్టి మన బొమ్మ పడే ఛాన్స్ ఆరింట మూడు, సగానికి సగం అట. ఒకటి పడితే కాసినంత, రెండు పడితే రెండింతలు, మూడూ పడితే మూడింతలు లాభం, కాబట్టి "ఆడనోడే పిచ్చోడు" అట. కింద అంతా దండాల ఎమోజీలు.

సార్, మీ లెక్కన ఆరు పాచికలు వేస్తే మన బొమ్మ పడి తీరాలి కదా? ఏడు వేస్తే? నూటికి నూటపదహార్లా? ఇదేమైనా పెళ్ళి చదివింపులా? నిజానికి ఆరు వేసినా దాదాపు మూడు ఆటలకొకసారి మన బొమ్మ ఒక్కటి కూడా పడదు.

ఇలాంటిచోట పడకపోవడం నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఒక పాచికలో మన బొమ్మ పడకపోవడానికి ఆరింట 5. మూడింటిలోనూ పడకపోవడానికి 5×5×5, అంటే 216లో 125. మిగిలిన 91లో 75 సార్లు ఒక్కటే పడుతుంది, 15 సార్లు రెండు, మూడూ పడేది ఒకే ఒక్కసారి. సగానికి సగం అన్నది 42 శాతం అయి కూర్చుంది. ఇక ఆటకి 100 చొప్పున 216 ఆటలు వేసుకోండి. పోయేది 12,500. వచ్చేది 7,500, 3,000, 300, అన్నీ కలిపి 10,800. 1,700 బోర్డు వాడి జేబులోకి. మొత్తం కాసింది 21,600 కాబట్టి నూటికి 7 రూపాయల 87 పైసలు. కొంతమంది మహానుభావులు రెండు పడినా మూడు పడినా కాసినంతే ఇస్తారు, అక్కడ నూటికి 15 దాటి పోతుంది. న్యాయంగా ఆడాలంటే ఒకటికి ఒకటి, రెండుకి మూడు, మూడుకి అయిదు రెట్లు ఇవ్వాలి: 75+45+5 సరిగ్గా 125. అలా ఇచ్చే బోర్డు ఎవరికైనా కనిపిస్తే చెప్పండి, దండం పెట్టుకుంటా.

అసలు మజా బోర్డు వాడి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఆరు గడుల్లోనూ తలా 100 ఉందనుకోండి. మూడు పాచికల్లో మూడు వేరే బొమ్మలు పడితే ముగ్గురి దగ్గర లాగి ముగ్గురికి ఇస్తాడు, వాడికి సున్నా. జంట పడిందా, నలుగురి 400 లాక్కుని, ఒకరికి 200, ఇంకొకరికి 100 ఇచ్చి, 100 మిగుల్చుకుంటాడు. మూడూ ఒకటే అయితే 500 లాగి 300 ఇస్తాడు, మిగిలింది 200. అంటే జనం ఈలలు వేసి గెలిచినోణ్ణి భుజానికెత్తుకునే ఆటలోనే వాడికి గిట్టుబాటు. "డబుల్ పడిందిరోయ్" అని అరిచేది మనం, నవ్వుకునేది వాడు.

ఇంతా చెప్తే కామెంట్లలో ఒకాయన "పాచికల్లో సీసం పోస్తారు బ్రో, అదే అసలు మోసం" అన్నాడు. మనకి శకుని తప్ప ఇంకెవరూ గుర్తురారు. పోస్తే పోస్తారు, కాదనను. కానీ పై లెక్కంతా పులు కడిగిన ముత్యాల్లాంటి పాచికలతోనే వేశాను. అయినా అనుమానం ఉంటే పరీక్షించే పద్ధతుంది. 60 సార్లు దొర్లించి "ఆరు 14 సార్లు పడింది, దొంగ పాచిక" అని తేల్చేయకండి. సగటున 10 రావాలి, కానీ మంచి పాచికకైనా అటూ ఇటూ ఆరు తేడా మామూలే. 600 సార్లు దొర్లించండి. ఒక్కో ముఖం 100 చుట్టూ ఉండాలి, 82 నుంచి 118 దాకా పట్టించుకోనక్కర్లేదు. ఆరు ముఖాలకీ కలిపి తీర్పు కావాలంటే, ప్రతి ముఖానికీ 100తో ఉన్న తేడాని వర్గం చేసి, 100తో భాగించి, ఆరూ కూడండి. 11.07 దాటితే అనుమానించొచ్చు. అది కూడా నిఖార్సైన పాచికకి ఇరవైలో ఒకసారి దాటుతుంది. పండగ రాత్రి దీపాల కింద 600 సార్లు దొర్లించుకోవడానికి బోర్డు వాడు పాచిక మీ చేతికిస్తాడా, అది వేరే సంగతి.

ఇదంతా ఎవరికీ తెలియని విద్యేమీ కాదు. ఇంటర్ రెండో ఏడాది లెక్కల 2ఎ పేపర్లో యాదృచ్ఛిక చలరాశులు (రాండమ్ వేరియబుల్స్) అని ఓ అధ్యాయం పెట్టారు. విలువని సంభావ్యతతో గుణించు, అన్నీ కూడు, అంకమధ్యమం (అంటే సగటు) రాయి, కింద గీత గీయి, 7 మార్కులు. "ఇది గ్యారంటీ ప్రశ్న, బట్టీ కొట్టేయండి" అని చెప్పే కార్పొరేట్ కాలేజీల్లో ఆ అంకమధ్యమం మైనస్‌లో వస్తే ఎవడి జేబు ఖాళీ అవుతుందో ఒక్కరైనా చెప్పారా? స్టడీ అవర్లు పెట్టి పిల్లల్ని పిండి, ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకున్నారు. ఆ ఫ్లెక్సీల్లో నవ్విన పిల్లల్లో కొందరు ఇప్పుడు పండక్కి ఊరొచ్చి బోర్డు ముందు చొక్కా చేతులు మడుస్తున్నారు. పేపర్ తయారుచేసే పెద్దలకి ఒక ప్రశ్న నేనే రాసిస్తా, ఫ్రీగా: మూడు పాచికల గుండాటలో ఒకటికి ఒకటి, రెండుకి రెండు రెట్లు ఇస్తున్నారు, మూడూ పడితే ఎన్ని రెట్లు ఇస్తే ఆట న్యాయం? జవాబు 20. బోర్డు వాడు ఇస్తున్నది 3.