హెలికాప్టర్లు ఉంటే గెలిచినట్టేనా?

వియత్నాం యుద్ధం మీద బోర్డ్ వార్‌గేమ్ బయటికి తీస్తే చాలు, "అమెరికా పక్షం నాకిచ్చెయ్, హెలికాప్టర్లున్నాయి, ఎక్కడ కావాలంటే అక్కడ దిగుతా" అనేవాడు ఒకడు తయారు. అవతలివాడు ఆట అయ్యేదాకా అడవిలో కూర్చుని బాంబులు తినాలట! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

దక్షిణ వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో నిజంగా ఏం జరిగిందో చూడండి. 1965 నవంబర్ 14న అమెరికన్ కమాండర్ హాల్ మూర్ బెటాలియన్‌లో దాదాపు 450 మంది. వాళ్లని మోయడానికి 16 హ్యూయీ హెలికాప్టర్లు. ఎక్స్-రే అని పేరు పెట్టిన ఆ ఖాళీ జాగాలో ఒక్కసారికి ఎనిమిదే దిగగలవు. వెళ్లి రావడానికి సుమారు అరగంట. మొదటి విడతలో దిగినవాళ్లు చూ పాంగ్ కొండ మొదట్లో నిలబడి, మిగతావాళ్ల కోసం ఆకాశం వైపు చూడాల్సిందే. మధ్యాహ్నం కాల్పులు ఊపందుకునేసరికి బెటాలియన్ ఇంకా పూర్తిగా దిగనే లేదు.

టేబుల్ మీద ఆటలోనూ ఆ అరగంట నిరీక్షణ రావాలి. ఎల్‌జెడ్ (హెలికాప్టర్లు దిగే చోటు) ఉన్న హెక్స్‌లో, అంటే మ్యాప్ మీది ఆరు పలకల గడిలో, ఒక్క కంపెనీ కౌంటర్ (దళానికి గుర్తుగా పెట్టే బిళ్ల) పెట్టారు. పక్కన అడవి హెక్సుల్లో బోర్లించిన స్టాకులు (కౌంటర్ల దొంతరలు) మూడు. అవతలి ప్లేయర్ తాపీగా చూస్తున్నాడు, దేన్నీ తిరగెయ్యడు. ఒకదాని మీదికి వెళ్తే డమ్మీ, కింద ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని రెండోదాన్ని కదిలిస్తే కింద ఒక బెటాలియన్ బయటపడుతుంది. ఇప్పుడు రెండో విడతని ఆ కాల్పుల్లోకే దింపుతారా, దిగినవాళ్లని వాళ్ల ఖర్మకి వదిలేస్తారా? ఇలా ఇరుక్కున్నవాడు హెలికాప్టర్ల గురించి గొప్పలు చెప్పడం నేనైతే చూడలేదు.

అందుకే ఉత్తర వియత్నాం పక్షం బోర్ అంటే ఒప్పుకోను. ఎప్పుడు బయటపడాలో తేల్చుకునేది ఆ ప్లేయరే. శత్రువు నడుం బెల్టు పట్టుకుని కొట్టాలన్నది వాళ్ల ఎత్తుగడ. అంత దగ్గరికి దూరితే ఫిరంగులూ విమానాలూ వాడటానికి అమెరికన్లు జంకుతారు, తమవాళ్లే పోతారని. పక్క హెక్స్‌కి చేరాక కూడా ఫిరంగి మామూలుగానే పేలే రూల్ ఉందంటే ఆ డిజైనర్‌కి ఈ యుద్ధం తలకెక్కలేదని అర్థం.

ఆ దగ్గర్లోనే ఆల్బనీ అనే ఇంకో ఎల్‌జెడ్ సంగతి సరేసరి. నవంబర్ 17న, బీ-52 బాంబర్లు చూ పాంగ్ మీద బాంబులేస్తాయని, ఇంకో బెటాలియన్‌ని ఎక్స్-రే నుంచి అక్కడికి నడిపించారు. అడవిలో బారుగా సాగిపోయిన ఆ వరసని ఉత్తర వియత్నాం దళాలు పక్కనుంచి కొట్టాయి. 150 మందికి పైగా అమెరికన్లు పోయారు. హెలికాప్టర్లలో తిరిగే ఎయిర్‌మొబైల్ డివిజన్‌కి ఆ పోరులో అతి పెద్ద దెబ్బ కాలినడకన వెళ్తుంటే తగిలిందన్నమాట!

రూల్ బుక్ లావుగా ఉంటుందన్న ఫిర్యాదు మాత్రం నిజమే, అక్కడ నేను వాదించను. కానీ టైమ్ కలిసొస్తుందని కౌంటర్లన్నీ వెల్లకిలా పెట్టి ఆడేసి, "బ్యాలెన్స్ లేదు" అని రివ్యూలు రాసేవాళ్లున్నారే! దాక్కునే హక్కు తీసేశాక అవతలివాడికి ఇంకేం మిగులుతుంది? ముందు బోర్లించి ఆడండి. అమెరికా పక్షం మీరే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.